ఏరేషన్ ట్యాంకులో బురద చచ్చిపోయింది, మళ్లీ ఎలా బతికించాలి?

ప్రశ్న (ఈటీపీ షిఫ్టు ఆపరేటర్, పటాన్‌చెరు వైపు)

అందరికీ నమస్కారం. బల్క్ డ్రగ్ కంపెనీలో రెండేళ్లుగా ఈటీపీ (వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు) చూస్తున్నాను. శనివారం రాత్రి ప్రొడక్షన్ వాళ్లు ఫినాల్ అనే విష రసాయనం ఉన్న మదర్ లిక్కర్ (మందు స్ఫటికాలు తీశాక మిగిలే ద్రవం) మాకు చెప్పకుండా వదిలేశారు. వచ్చిన నీళ్లు ముందు చేరే ఈక్వలైజేషన్ ట్యాంకు అప్పటికే నిండుగా ఉంది, దాంతో అంతా ఏరేషన్‌లో, అంటే మురికిని తినే బ్యాక్టీరియా బురదకి గాలి కొట్టే ట్యాంకులో పడింది. పొద్దున్నే చూస్తే తెల్లటి నురగ. గోధుమరంగు బురద బూడిదరంగుకి తిరిగింది. లీటరు జాడీలో అరగంట ఉంచినా అడుక్కి దిగట్లేదు, పైనీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. ఎంఎల్‌ఎస్‌ఎస్ (లీటరులో బురద ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె) 3,400 నుంచి 1,900కి పడిపోయింది, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మాత్రం 5 దాటింది. మేనేజరు గారేమో ట్యాంకు ఖాళీ చేసి, పేడా బెల్లం వేసి మళ్లీ మొదలుపెట్టమంటున్నారు. ఖాళీ చేసి ఎక్కడ పోయాలి? గోడ అవతల వాగుంది. ఆ పని నా చేతుల మీదుగా జరగకూడదు. దారి చెప్పండి.

జవాబు (రిటైర్డ్ ఆపరేటర్, విశాఖ)

తమ్ముడూ, ట్యాంకు ఖాళీ చెయ్యకు. డీఓ 5 దాటిందంటే గాలి బాగా అందుతోందని కాదు, పీల్చుకునేవాళ్లు తగ్గిపోయారని. అలాగని 1,900లో అంతా శవాలే అనుకోకు. ఆ బురద ఓ సీసాలో పట్టి, గాలి కొట్టి, డీఓ మీటరు పెట్టి మూత బిగించు. కలుపుతూ ఇరవై నిమిషాలు చూడు. అంకె కాస్త దిగినా ప్రాణం ఉన్నట్టే.

నేను 26 ఏళ్లు కోక్ ఓవెన్ల (బొగ్గును కోక్‌గా మార్చే కొలుముల) నీళ్లతో పనిచేశాను. ఫినాల్, సైనైడ్, థయోసైనేట్, అమ్మోనియా అన్నీ కలిసి వచ్చేవి. ఫినాల్ బురదలోని బ్యాక్టీరియాకి కొంచెమైతే తిండి, ఎక్కువైతే విషం. సూడోమోనాస్ లాంటివి దాన్ని చక్కగా తింటాయి, కాకపోతే అలవాటు చెయ్యాలి. పొద్దున టీ కంటే ముందు ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టేవాణ్ణి. వోర్టిసెల్లా అనే ఒంటికణం జీవి కాడ మీద గంటలా ఉంటుంది, నోటి చుట్టూ నూగు గిరగిరా ఆడుతూ ఉంటుంది. విషం తగిలిన రోజు నూగు ఆగిపోతుంది, కాడ చుట్టుకుపోతుంది. ల్యాబ్ రిపోర్టు సాయంత్రానికి వచ్చేది, ఇది పొద్దున్నే చెప్పేసేది.

ఇప్పుడు ఫీడ్ (ట్యాంకులోకి వచ్చే వ్యర్థజలం) ఆపు, గాలి ఆపకు. మిగిలిన లిక్కర్ విడిగా వేరే ట్యాంకులో దాచు. క్యాంటీన్, బాత్రూముల మురుగునీరు ట్యాంకులోకి మళ్లించు, అది విషాన్ని పలచన చేస్తుంది, కొత్త బ్యాక్టీరియా విత్తనమూ తెస్తుంది. పేడలో ఉండేవి ఎక్కువగా గాలి లేకుండా బతికేవి. పీచు వల్ల ఎంఎల్‌ఎస్‌ఎస్ అంకె పెరుగుతుందంతే. బెల్లం వేస్తే బెల్లం తినేవి పెరుగుతాయి, నీకు కావలసినవి కావు. నీలాంటి నీళ్లే శుద్ధి చేసే పక్క యూనిట్ నుంచి ఒక ట్యాంకర్ బతికున్న బురద అడిగి తెచ్చుకో.

తర్వాత మామూలు లోడులో పదో వంతుతో మొదలుపెట్టు. బయటికెళ్లే నీళ్లలో ఫినాల్ లీటరుకి 1 మిల్లీగ్రాములోపు నిలబడ్డాకే పెంచు. బీఓడీ (మురికిని తినడానికి బ్యాక్టీరియాకి కావలసిన ఆక్సిజన్) 100కి నత్రజని 5, భాస్వరం 1 లెక్కన యూరియా, డీఏపీ వెయ్యి. అమ్మోనియా తినేవి అన్నిటికంటే ఆలస్యంగా లేస్తాయి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి 7 మిల్లీగ్రాముల పైచిలుకు ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) పోతుంది, పీహెచ్ మీద ఓ కన్నెయ్యి.

జవాబు (మైక్రోబయాలజీ లెక్చరర్, సంగారెడ్డి)

అన్నయ్య గారు చెప్పినదంతా సరైనదే, పక్క యూనిట్ బురద దగ్గర మాత్రం ఆగండి తమ్ముడూ. అక్కడ యాంటీబయాటిక్స్ తయారవుతుంటే వద్దు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆ మందు మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. బ్యాక్టీరియాను చంపే మందును బ్యాక్టీరియా చేతే తినిపించాలనుకోవడం తప్పు. పైగా ఆ మందు బురదకి అంటుకుని ఉంటుంది, అందులో బతికేవి మందుకి లొంగనివి. అప్పట్లో ఆ నీళ్లు పడిన ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మా పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు నా గొంతు వణుకుతుంది. యాంటీబయాటిక్ ఉన్న లిక్కర్‌ని పుట్టినచోటే విడగొట్టి కాల్చెయ్యాలి. బురద కావాలంటే ఊరి మురుగు శుద్ధి చేసే ప్లాంటు నుంచి తెచ్చుకోండి, అలవాటు పడటానికి నాలుగు వారాలు ఎక్కువ పట్టినా సరే.

ప్రశ్న అడిగినవారు

సీసా పరీక్ష చేశానన్నా. 6.1 నుంచి 4.8కి దిగింది, ఇరవై నిమిషాల్లో! మేనేజరు గారికి చూపించాను, ఖాళీ చెయ్యడం ఆపారు. క్యాంటీన్ లైను రేపు మళ్లిస్తున్నాం. అక్కా, ఊరి ప్లాంటు బురదే అడుగుతాను. క్వాలిటీ ల్యాబులో పాత మైక్రోస్కోప్ ఉందట, అది కూడా.

విశాఖ

చుక్క ఫొటో పెట్టు తమ్ముడూ, చూసి చెబుతా.