సుల్తాన్ కులీ పేరులోని ‘కులీ’ మన కూలీ కాదు

మొన్న ఆదివారం గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆ వంశం మొదలుపెట్టిన సుల్తాన్ కులీ పేరు బోర్డు మీద చదువుతూ మా మేనల్లుడు అడిగాడు: ‘‘మామయ్యా, రాజుగారి పేరులో కూలీ ఏంటి?’’ చాలామంది పెద్దలకూ ఈ అనుమానం ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన ‘కూలి’ ద్రావిడ పదం, తమిళంలోనూ ఉంది. రాజు పేరులోది తుర్కీ మాట. ‘కుల్’ అంటే దాసుడు. చివరి ‘ఈ’ ఎవరి దాసుడో ముందు మాటతో కలుపుతుంది. సుల్తాన్ కులీ అంటే సుల్తాను దాసుడు. మన రామదాసు, హరిదాసు లాంటి పేరన్నమాట. ముందున్న ‘సుల్తాన్’ కూడా పదవి కాదు, పేరులో ముక్కే.

ఆయన ఇరాన్‌లోని హమదాన్ వైపు తుర్కమాన్, కారా కోయున్లు వంశం. కారా అంటే నలుపు, కోయున్ అంటే గొర్రె. ఆ ‘లు’ చూసి మన బహువచనం అనుకునేరు! తుర్కీలో దానికి ‘కలవాళ్లు’ అని అర్థం. అంటే నల్లగొర్రెల వాళ్లు. 1467లో వాళ్ల రాజు జహాన్ షా, తెల్లగొర్రెల వాళ్ల నాయకుడు ఉజున్ హసన్ చేతిలో ఓడి చనిపోయాడు. దాంతో ఆ వంశం చెదిరిపోయింది. సుల్తాన్ కులీ దక్కను చేరి, అప్పటి దక్కను ఏలికలు బహమనీల కొలువులో అమీరుగా, అంటే పెద్ద సర్దారుగా ఎదిగి, తెలంగాణకు తరఫ్‌దారు, అంటే ఆ ప్రాంతపు పాలనాధికారి అయ్యాడు. పెళ్లిళ్లలో ‘మగపెళ్లివారి తరఫు’ అంటామే, ఆ తరఫే ఇది.

నాకు బాగా నచ్చేది మాటల వరస. తుర్కీ కూడా మనలాగే ‘ఫలానా వారి దాసుడు’ అంటుంది, దాసుడు చివర వస్తాడు. అరబ్బీలో తలకిందులు: అబ్దుల్లాలో ముందు ‘అబ్ద్’, అంటే దాసుడు, తర్వాత దేవుడు. ఈ రెండు పద్ధతులూ ఒకే ఇంట్లో ఉన్నాయి. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీది తుర్కీ వరస, ఆయన కూతురి కొడుకు అబ్దుల్లాది అరబ్బీ వరస.

కామెంట్: మరి కుతుబ్ సంగతి ఏంటండీ?

జవాబు: మంచి ప్రశ్న అండీ. అది సుల్తాన్ కులీకి బహమనీలు ఇచ్చిన అరబ్బీ బిరుదు, కుతుబ్ ఉల్ ముల్క్. కుతుబ్ అంటే ఇరుసు, ధ్రువం. ‘రాజ్యానికి ఇరుసు’ అని చెప్పుకోవచ్చు. గోల్కొండ జామా మసీదులో 1518 నాటి శాసనంలో ఏలిక అని రాసింది బహమనీ మహమూద్ షా పేరే. మసీదు కట్టించిన సుల్తాన్ కులీ అక్కడ కుతుబ్ ఉల్ ముల్కే.

1543లో ఈయన హత్యకు గురయ్యాడు. సమాధి మీది శాసనంలో, జనం పిలిచే పేరంటూ ‘బడే మాలిక్’ అని చెక్కారు. తుర్కీ పేరు, అరబ్బీ బిరుదు ఉన్న మనిషిని ఇక్కడివాళ్లు తమ దక్కనీలో ‘పెద్ద దొర’ అనుకున్నారు.