బాన్ కువోన్ రేకులు చిరిగిపోతున్నాయి, తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి

నీలిగాజులు:
పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉన్నాను. వియత్నాం వాళ్లు బియ్యప్పిండితో పల్చటి రేకులు ఆవిరి మీద తీసి లోపల కూర పెట్టి చుడతారు కదా, బాన్ కువోన్, అది చేద్దామని మొదలుపెట్టాను. ఒక్కటీ సరిగ్గా రావట్లేదు. కొన్ని పాన్‌కి అంటుకుని తీసేలోపే చిరిగిపోతున్నాయి. కొన్ని రబ్బరు ముక్కల్లా మందంగా వస్తున్నాయి. వీడియోలో ఆవిడ ఎలా చేస్తే నేనూ అలాగే చేశాను. పిండి, నీళ్లు, ఉప్పు, అంతేగా! ఇందులో తేడా ఎక్కడొస్తుంది? లోపల పెట్టే ఖీమా వండటం ఎప్పుడో అయిపోయింది, చల్లారిపోతోంది. సాయంత్రం ఇంటికి మనుషులొస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

టీకొట్టు దగ్గర:
ఏ పిండి? నీళ్లెన్ని?

నీలిగాజులు:
బియ్యప్పిండేనండీ. నీళ్లు దోసెల పిండి కంటే బాగా పల్చగా.

హ్యూస్టన్ బాబాయ్:
అమ్మా, అంత కష్టపడక్కర్లేదు. ఇక్కడ హ్యూస్టన్‌లో బెలేర్ బులవార్డ్ మీద ఏ వియత్నాం కొట్టుకెళ్లినా బాన్ కువోన్ పిండి అని ప్రత్యేకంగా ప్యాకెట్ అమ్ముతారు. విన్ థువాన్ వాళ్లది మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. బియ్యప్పిండి, స్టార్చ్ అన్నీ కలిపే ఉంటాయి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లు పోసి, కాసేపు ఆగి, వేసుకోవడమే.

నీలిగాజులు:
బాబాయ్ గారూ, నేను ఉండేది కూకట్‌పల్లిలోనండీ.

టీకొట్టు దగ్గర:
అది ముందు చెప్పాలి. ఆ బియ్యప్పిండి ఎక్కడిది?

నీలిగాజులు:
కిరాణా కొట్లో ప్యాకెట్. జంతికలకు వాడేదే. వీడియోలో కూడా రైస్ ఫ్లోర్ అనే ఉంది.

హనోయ్ లో కొన్నాళ్లు:
సగం సమస్య అక్కడే ఉందండీ. నేను హనోయ్‌లో ఉద్యోగం చేసినప్పుడు మా వీధి చివర ఒక పెద్దావిడ తెల్లవారుజామునే ఇవి వేసేది, రోజూ నిలబడి చూసేవాడిని. వాళ్లు బియ్యం నానబెట్టి నీళ్లతో మెత్తగా రుబ్బుతారు. కొత్త బియ్యం అయితే రేకు జిగటగా వస్తుందని పాత బియ్యమే వాడతారు. థాయ్, వియత్నాం ప్యాకెట్లలో వచ్చే పిండి కూడా అలా తడిగా రుబ్బి ఆరబెట్టినదే. మన కొట్లో దొరికేది పొడి బియ్యం మరలో ఆడించినది. వేలితో రుద్దితే రవ్వ తగులుతుంది. జంతికలకు అది బాగుంటుంది గానీ ఈ రేక్కి పనికిరాదు, ఆ రవ్వ ఉన్నచోటల్లా రేకు తెగుతుంది.

ఇప్పుడు టైమ్ లేదు కాబట్టి, కలిపిన పిండినే మిక్సీలో బాగా తిప్పి పల్చటి గుడ్డలో వడకట్టండి. కనీసం గంట పక్కన పెట్టండి. ఇంకోసారి చేసేటప్పుడు మాత్రం పాత సోనా మసూరి రాత్రంతా నానబోసి గ్రైండర్‌లో వేయండి.

ఇంకొకటి. వట్టి బియ్యప్పిండితో చేస్తే రేక్కి సాగే గుణం రాదు. టాపియోకా స్టార్చ్ కలపాలి. 200 గ్రాముల బియ్యప్పిండికి 50 గ్రాముల స్టార్చ్, 700 మిల్లీలీటర్ల నీళ్లు, అర చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా నూనె. పిండిలో నూనె మానొద్దు, రేకు ఊడి రావడానికి అదే ఆధారం.

ఉప్పుగాలి:
నేను ఒక ముఖ్యమైన విషయం చెప్తాను. అందరూ రేకు గురించే మాట్లాడుతున్నారు, ఆ వంటకానికి ప్రాణం పక్కన పెట్టే సాస్. దానికి నువోక్ మామ్ కావాలి, అంటే చేపల సాస్. అందులో కూడా ఫూ క్వోక్ దీవిది తీసుకోండి. అక్కడ నెత్తళ్లను పడవ మీదే ఉప్పులో కలిపేస్తారు, తర్వాత మనిషి కంటే ఎత్తుండే చెక్క పీపాల్లో ఏడాది దాకా మాగబెడతారు. 2012లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకు రక్షణ ఇచ్చింది. సీసా మీద 30, 40 అని ఒక అంకె ఉంటుంది, అది నైట్రోజన్ లెక్క. అంకె పెద్దదైతే చేప సారం ఎక్కువ ఉన్నట్టు. చౌక సీసాల్లో పంచదార, రంగు, వాసన కలిపి అమ్ముతున్నారు, అది తిని చేపల సాస్ ఇంతేనా అనుకునేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. బాన్ కువోన్‌కి దాన్ని చిక్కగా ఇవ్వకూడదు. గోరువెచ్చని నీళ్లు ఎక్కువ పోసి, పంచదార, నిమ్మరసం, పచ్చిమిర్చి వేసి, తాగేంత తేలిగ్గా ఉండాలి. పాతకాలంలో హనోయ్‌లో కా కువోంగ్ అనే నీటి పురుగు సారం ఒక్క చుక్క కూడా వేసేవాళ్లు.

టీకొట్టు దగ్గర:
ఆవిడ రేకు చిరుగుతోంది అంటున్నారు.

ఉప్పుగాలి:
రేకు వచ్చాక సాస్ లేకపోతే ఏం తింటారు? అందుకే చెప్పాను.

నీలిగాజులు:
సాస్ ఉందండీ, ఏ కంపెనీదో తర్వాత చూస్తాను. టాపియోకా స్టార్చ్ ఇంట్లో లేదు. సగ్గుబియ్యం మిక్సీ పట్టనా? రెండూ కర్ర పెండలంతోనే కదా చేసేది?

గరిటె పట్టుకున్న చెయ్యి:
పట్టేయండి అక్కా, మా అమ్మ దోసెల్లో వేస్తుంది, బానే వస్తాయి.

హనోయ్ లో కొన్నాళ్లు:
వద్దండీ. కర్ర పెండలం పిండిదే అయినా, సగ్గుబియ్యం చేసేటప్పుడు తడి పిండిని గుండ్రటి పూసలు చేసి వేడి తగిలిస్తారు. అంటే సగం ఉడికినట్టే. దాన్ని పొడి చేసి చన్నీళ్లలో కలిపితే అప్పుడే చిక్కబడుతుంది, పాన్‌లో పల్చగా పరుచుకోదు. పచ్చి స్టార్చ్ కావాలి. అది లేకపోతే కార్న్ ఫ్లోర్ వేయండి. సాగే గుణం కొంచెం తగ్గుతుంది, అయినా రేకు నిలబడుతుంది.

హ్యూస్టన్ బాబాయ్:
కార్న్ ఫ్లోర్ అంటే మొక్కజొన్న పిండి అమ్మా, పచ్చగా ఉంటుంది, అది వేస్తే పాడైపోతుంది. కార్న్ స్టార్చ్ అని అడుగు.

గరిటె పట్టుకున్న చెయ్యి:
బాబాయ్ గారూ, ఇక్కడ కార్న్ ఫ్లోర్ అంటే తెల్లటి స్టార్చే. మంచూరియాలో వేసేది.

హ్యూస్టన్ బాబాయ్:
ప్యాకెట్ వెనక చదివి తీసుకో. పచ్చగా ఉంటే వద్దు.

డిమ్‌సమ్ ప్రియుడు:
ఇది చైనీస్ హోటళ్లలో దొరికే చెయుంగ్ ఫన్ కదా. దానికి గోధుమ స్టార్చ్ వేస్తారు, పైన తియ్యటి సోయా సాస్ పోస్తారు. అలా చేసుకోండి, సులువు.

హనోయ్ లో కొన్నాళ్లు:
దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదండీ. మీరు చెప్పిన దక్షిణ చైనా కాంటన్ వాళ్ల రేకు కాస్త మందంగా ఉంటుంది, లోపల రొయ్యలో, మాంసం ముక్కలో అలాగే కనిపిస్తాయి. బాన్ కువోన్‌లో రేకు అవతలి వేళ్లు కనిపించేంత పల్చగా ఉండాలి. లోపల సన్నగా తరిగిన పంది మాంసం, చెవి పుట్టగొడుగులు, చిన్న ఉల్లిపాయలు వేయించి పెడతారు. పైన కరకరలాడే ఉల్లిపాయలు, పక్కన చా లువా అనే మాంసం ముద్ద, ఆకుకూరలు. చైనా సరిహద్దు దగ్గరి కావ్ బాంగ్‌లో అయితే సాస్ బదులు వేడి ఎముకల పులుసుతో తింటారు.

డిమ్‌సమ్ ప్రియుడు:
లోపల ఏమీ పెట్టకపోతే అది బాన్ ఉవోత్ అవుతుంది, బాన్ కువోన్ కాదు. సైగాన్‌లో నేను తిన్నాను.

హనోయ్ లో కొన్నాళ్లు:
సైగాన్‌లో అంతే. కానీ హనోయ్ అంచున తాన్ చీ అనే చోటు దీనికి పేరుపడింది. అక్కడి రేకుల్లో కూరే ఉండదు, ఉల్లికాడల నూనె రాసి మడత పెట్టి ఇస్తారు. దాన్నీ బాన్ కువోన్ అనే అంటారు.

డిమ్‌సమ్ ప్రియుడు:
అయితే ఆ పేరుకు లెక్కేమీ లేదన్నమాట.

టీకొట్టు దగ్గర:
నీలిగాజులు గారూ, చిరిగినవి ముందు వచ్చాయా, మందంగా ఉన్నవి ముందు వచ్చాయా?

నీలిగాజులు:
ముందు వేసినవన్నీ చిరిగాయి. గిన్నె అడుగుకు వచ్చేసరికి మందంగా అయిపోయాయి. ఎందుకండీ?

టీకొట్టు దగ్గర:
పిండి అడుగున పేరుకుంటోంది. గరిటె వేసిన ప్రతిసారీ అడుగు నుంచి కలపండి.

హనోయ్ లో కొన్నాళ్లు:
సరిగ్గా పట్టుకున్నారు. నేను మొదట్లోనే అడగాల్సిన ప్రశ్న. ఈ పిండిలో బియ్యం కణాలు నీళ్లలో కరగవు, తేలుతూ ఉంటాయి అంతే. నిమిషం ఆగితే కిందికి దిగిపోతాయి. పైన మిగిలిన పల్చటి నీళ్లతో వేస్తే చిరుగుతుంది, చివర మిగిలిన ముద్దతో వేస్తే రబ్బరవుతుంది. ఆ పెద్దావిడ కూడా ప్రతి రేక్కీ గరిటెతో ఒక తిప్పు తిప్పేది.

పాన్ సంగతి కూడా చెప్తాను. నాన్‌స్టిక్ పాన్ మధ్యస్థం మంట మీద వేడెక్కాక నూనె గుడ్డతో తుడవండి, నూనె పోయొద్దు. ఒక గరిటె పోసి గిర్రున తిప్పి, మిగిలింది వెంటనే గిన్నెలోకి వంచేయండి. మూత పెట్టి నిమిషం లోపే చూడండి, రేకు మధ్యలో బుడగలా లేస్తే అయినట్టు. మూతకు పట్టిన నీళ్లు తుడిచి మళ్లీ పెట్టండి, ఆ చుక్కలు పడినచోట రేకు మెత్తబడి తెగుతుంది. పాన్‌ని నూనె రాసిన పళ్లెం మీద ఒక్కసారిగా బోర్లించండి. కాస్త ఆవిరి పోయాక చుట్టండి, పొగలు కక్కుతుండగా ముట్టుకుంటే చేతికే అంటుకుంటుంది.

గరిటె పట్టుకున్న చెయ్యి:
పూతరేకుల కుండ మీద తీస్తే? ఆత్రేయపురం వాళ్లు ఇంకా పల్చగా తీస్తారు కదా.

హనోయ్ లో కొన్నాళ్లు:
అది పొడి వేడి, క్షణంలో ఆరి కాగితమవుతుంది. ఇది తడిగా, వంగేలా ఉండాలి, అందుకే ఆవిరి. అసలు పద్ధతి అయితే మరిగే నీళ్ల గిన్నెకు పల్చటి నూలు గుడ్డ బిగించి కట్టి దాని మీద పోస్తారు, వెదురు బద్దతో ఎత్తుతారు. గుడ్డ ఒక పక్కన చిన్న సందు వదలాలి, ఆవిరి పోవడానికి.

ఉప్పుగాలి:
నీలిగాజులు గారూ, ఆ సీసా మీద అంకె ఎంతుందో చూశారా?

నీలిగాజులు:
వడకట్టి, కార్న్ ఫ్లోర్ వేసి, కలుపుతూ వేస్తున్నాను. ఇప్పుడు చిరగట్లేదు. అందరికీ థాంక్సండీ, మనుషులొచ్చేశారు.

పచ్చిమావిడి:
గుడ్డ మీద చేయాలంటే మన ఇడ్లీ గుడ్డ పనికొస్తుందా, ఇంకా నేత దగ్గరగా ఉన్నది కావాలా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.