స్కూబా డైవింగ్‌లో గైడ్ పక్కనే ఉన్నప్పుడు గేజ్ (సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపేది) మనం చూసుకోవాలా?

మైపాడు_నెల్లూరు:
నేనూ మా బావా ఇద్దరం స్కూబాలో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశాం. మొన్న ఫిబ్రవరిలో అండమాన్‌లో హావ్‌లాక్ దీవి దగ్గర 4 డైవ్‌లు చేసి వచ్చాం. ఆఖరి డైవ్‌లో పైకొచ్చేసరికి నా సిలిండర్‌లో 90 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉంది, బావకు 40. ఎప్పుడు తగ్గిందో తనకే తెలియదు. అడిగితే, "గైడ్‌కు డబ్బులిచ్చింది అందుకేగా, లోతూ టైమూ గాలీ ఆయన చూసుకుంటాడు, మనం చేపల్ని చూడాలి" అంటాడు. చెన్నైలో రైలెక్కి నెల్లూరులో దిగేదాకా ఇదే వాదన. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఎవరిది కరెక్ట్?

ఒంగోలు_అల:
మీ బావగారి మాటను అంత తేలిగ్గా తీసెయ్యకండి. మొదటి పది డైవ్‌లలో మనిషికి నీళ్లలో ఒక ఎత్తులో నిలబడటమే గగనం. నేను నిమిషానికోసారి గేజ్ పట్టుకుని చూసేదాన్ని. చూసి తలెత్తేసరికి ఓసారి 3 మీటర్లు పైకి తేలిపోయాను, ఇంకోసారి కాలికి తొడిగే ఫిన్‌తో పగడాన్ని తన్నాను. ఆ పగడం అంత పెరగడానికి ఎన్నేళ్లు పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఆ చోటు, ఆ ప్రవాహం గైడ్‌కు తెలిసినంత మనకు తెలియదు. కొత్తవాళ్లు కళ్లు గైడ్ మీద పెట్టుకోవడమే క్షేమం అని నా అభిప్రాయం.

కావలి_బావి_ఈత:
ఒంగోలు అక్కా, మీరు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ ఒక్క విషయం. మనలో చాలామంది ఊరి బావిలో ఈత నేర్చుకున్నవాళ్లమే. బావిలో మునిగితే టైమ్ ఎవరూ చెప్పక్కర్లేదు, ఛాతీయే చెబుతుంది. ఊపిరి ఆడక గుండె దడదడలాడితే పైకొచ్చేస్తాం. స్కూబాలో ఆ హెచ్చరిక ఉండదు. సిలిండర్‌లో 200 బార్ ఉన్నా 60 ఉన్నా నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ గాలిని ఒకే తీరుగా ఇస్తుంది. లాగితే బరువుగా అనిపించేసరికి సిలిండర్ దాదాపు ఖాళీ. ఒంటికి తెలియని దాన్ని ముల్లు ఒక్కటే చెబుతుంది. ఆ ముల్లు ఉన్నది మన గేజ్‌లో, గైడ్ చేతిలో కాదు.

లెక్క చూడండి. మామూలు అల్యూమినియం సిలిండర్ సుమారు 11 లీటర్లు. 200 బార్ నింపితే 2200 లీటర్ల గాలి. 50 బార్ ముట్టుకోకుండా పక్కన పెడితే వాడుకోవడానికి మిగిలేది 1650. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి 40 లీటర్లు కావాలి, అంటే 41 నిమిషాలు వస్తుంది. 18 మీటర్ల దగ్గర 56 లీటర్లు, 29 నిమిషాలు. అదే లోతులో టెన్షన్‌తోనో, ప్రవాహానికి ఎదురీదుతూనో ఒడ్డు లెక్కన 30 లీటర్లు పీల్చేవాడికి 20 నిమిషాలు కూడా రాదు. ఒకే సిలిండర్, ఒకే లోతు, ఇంత తేడా. మీకు 90, మీ బావగారికి 40 ఉన్నది ఇందుకే. పక్కవాడి గాలిని బట్టి మన గాలిని అంచనా కట్టకూడదు.

నాకు జరిగింది చెబుతాను. ఎక్కడో చెప్పను. దిగుతూ 12 మీటర్ల దగ్గర గేజ్ చూస్తే, గాలి పీల్చినప్పుడల్లా ముల్లు 20 బార్ కిందికి పడుతోంది, వదలగానే మళ్లీ లేస్తోంది. సిలిండర్ వాల్వ్ సగమే తెరిచారు. పడవలో బాగానే వచ్చిన గాలి లోతుకు పోయేకొద్దీ చాలదు. గైడ్ నా ముందు పోతున్నాడు, వీపు నావైపు. ఆయనకెలా కనిపిస్తుంది? నా బడ్డీ (జంటగా దిగినవాడు) వెనక్కొచ్చి వాల్వ్ తిప్పాడు. అప్పటినుంచి దూకేముందు గేజ్ చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీలుస్తాను. ముల్లు కదలకూడదు.

ఒంగోలు_అల:
వాల్వ్ సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. మరి నిమిషానికోసారి చూడకుండా ఎట్లా?

కావలి_బావి_ఈత:
18 మీటర్ల దగ్గర నిమిషానికి సుమారు 5 బార్ పోతుంది. మూడు నాలుగు నిమిషాలకోసారి చాలు. చూసేముందు మనసులో ఒక అంకె అనుకోండి, 130 ఉండాలి అని. 130 ఉంటే రెండు సెకన్లలో చూపు తిప్పేయొచ్చు. 105 ఉంటే మాత్రం ఏదో తేడా, వెంటనే గైడ్‌కు చెప్పండి. గేజ్‌ను కింద వేలాడనివ్వకుండా ఛాతీ దగ్గర క్లిప్‌కు పెట్టుకుంటే తల వంచక్కర్లేదు, తేలిపోవడం కూడా తగ్గుతుంది.

కందుకూరు_డైవర్:
గాలి గురించే మాట్లాడుతున్నారు, లోతూ టైమూ వదిలేశారు. లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో చేరుతుంది, పైకొచ్చేటప్పుడు అది మెల్లగా బయటికి పోకపోతే బుడగలై ప్రమాదం. గైడ్ చేతికున్న డైవ్ కంప్యూటర్ (లోతూ టైమూ చూసి ఆ లెక్క కట్టే వాచీలాంటిది) గైడ్ ఒంట్లోకి చేరిన నైట్రోజన్‌నే లెక్కిస్తుంది. ఆయన 15 మీటర్ల దగ్గర ఉండి మీరు చేప వెంట 19కి దిగితే ఆ లెక్క మీది కాదు. అందులోనూ ఆయన నిన్న దిగారో లేదో, మీరు పొద్దున దిగారో లేదో, ఇద్దరి లెక్కా వేరు. బాగా వాడుకలో ఉన్న ఒక డైవ్ టేబుల్‌లో (ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పట్టిక) మొదటి డైవ్‌కు 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఇస్తారు, 30 మీటర్ల దగ్గర 20 మాత్రమే. రెండో డైవ్‌కు అదీ తగ్గిపోతుంది. అద్దెకైనా సరే, ఎవరి కంప్యూటర్ వాళ్ల చేతికి ఉండాలి. పైకొచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు దాటకూడదు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఆ 3 నిమిషాలకూ గాలి మిగలాలి, 40 బార్‌తో కంగారుగా ఆగడం వేరు, 80తో నిదానంగా ఆగడం వేరు.

ఇంకో మాట, మనవాళ్లు పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై ఫ్లైట్ పొద్దున్నే బుక్ చేస్తారు. వరుసగా డైవ్‌లు చేశాక ఆ నైట్రోజన్ పోవడానికి కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. ఈ గంటలు గైడ్ లెక్కపెట్టడు. పడవ దిగాక ఆయన ఆయన దారిన పోతాడు.

మైపాడు_బావ:
ఆ బావను నేనే. గైడ్ నన్ను రెండుసార్లు "ఎంత?" అని చేత్తో అడిగాడు. గేజ్ చూడకుండానే ఓకే సైగ చేశాను. తక్కువ చూపిస్తే నావల్ల అందరూ పైకి రావాలి కదా అన్న మొహమాటం. ఇక్కడ వాదనంతా చదివాక అది మా బావమరిదికి కూడా ఇప్పుడే చెబుతున్నాను. కంప్యూటర్ అద్దెకు తీసుకుంటాను. అయితే గైడ్ సైగతో సరిపెట్టకుండా అంకె అడిగి, తనే వచ్చి గేజ్ చూడాలి అన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను. 6 మందిని ఒక్కరికి అప్పగిస్తే అది కుదురుతుందా, కావలి అన్నా?

కావలి_బావి_ఈత:
కుదరదు. 4 మందికి మించి తీసుకుపోయే చోట నేను దిగను. బుక్ చేసేటప్పుడే అడగండి.