ఎల్ గ్రెకో ‘టొలేడో దృశ్యం’: ఆ నల్లమబ్బులు నగరం మీదివా, చిత్రకారుడి మనసులోవా?

నీలిమేఘం:
న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఈ చిత్రం (సుమారు 1599–1600) నా లెక్కలో ఊరి బొమ్మ కాదు, పరాయి ఊళ్ళో బతికినవాడి గుండె. ఎల్ గ్రెకో గ్రీకు దీవి క్రీటులో పుట్టి, వెనిస్, రోమ్ దాటి 1577కి స్పెయిన్‌లోని టొలేడో చేరాడు. సెయింట్ మారిస్ బలిదానం మీద వేసిన చిత్రం స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి నచ్చక రాజాశ్రయం దక్కలేదు. రావలసిన డబ్బు కోసం వ్యాజ్యాలు నడిపాడు. చివరిదాకా సంతకం గ్రీకు లిపిలోనే, ఈ బొమ్మ మీద కూడా. 1561లో రాజధాని మాడ్రిడ్‌కి తరలిపోయి టొలేడోకీ పాత వైభవం తగ్గింది. ఆకాశం అలా ఉరమడానికి ఇంకేం కావాలి?

గవాక్షం:
జీవితం దగ్గర మొదలుపెడితే ఏ బొమ్మలోనైనా దుఃఖం దొరుకుతుంది, నీలిమేఘం గారూ. ముందు ఎక్కడ నిలబడి చూస్తున్నామో తేల్చాలి. ఇది ఉత్తరం వైపు నుంచి నగరపు తూర్పు భాగం. కింద టాగస్ నది, దాని మీద అల్కాంతరా వంతెన, అవతలి గట్టున సాన్ సెర్వాండో కోట, కొండ మీద అల్కాసర్ అనే రాజకోట. ఇంతవరకూ సరే. కానీ ఇక్కడినుంచి కెథెడ్రల్ (ఊరి ప్రధాన చర్చి) కనబడదు. దాన్ని తెచ్చి అల్కాసర్‌కి ఎడమ పక్కన నిలబెట్టాడు. రాజు కోట పక్కనే దేవుడి గోపురం: ఇది ఆలోచించి చేసిన అమరిక, ఆవేశం కాదు.

కట్టడాలు ఎందుకు కదిలిస్తాడో ఆయనే చెప్పాడు కూడా. టొలేడోలోనే ఉన్న తర్వాతి చిత్రం ‘టొలేడో దృశ్యం, పటం’లో ఒక యువకుడు నగర పటం పట్టుకుని ఉంటాడు. అందులో రాసిపెట్టిన మాటల సారాంశం ఇది: తవేరా ఆసుపత్రిని ఉన్నచోటే వేస్తే విసాగ్రా అనే నగరద్వారాన్ని కప్పేస్తుంది, దాని గుమ్మటం ఊరిని మించిపోతుంది, అందుకే తీసి నమూనాలా పెట్టాను, అసలు చోటు పటంలో చూసుకోండి. ఆసుపత్రి మబ్బు మీద తేలుతోంది, కారణం మాత్రం పూర్తిగా పనివాడిది! జీవితచరిత్రతో మొదలెట్టినవాళ్ళు ఈ రాతని దాటేసి పోతారు, తప్పు అక్కడే జరుగుతుంది.

కుంచెపని:
ఇంకో పరీక్ష: ఇదే ఆకాశం ఆయన వేరే బొమ్మల్లో ఉందా? ఉంది. టొలేడోలోని సెయింట్ జోసెఫ్ ప్రార్థనామందిరానికి 1597–99లో వేసిన చిత్రంలో, బాల యేసుతో ఉన్న జోసెఫ్ వెనక ఇదే ఊరు, ఇలాంటి మబ్బులే. అది అడిగి వేయించుకున్న పని. సొంత దిగులు అనడం కష్టం.

నీలిమేఘం:
కానీ ఇక్కడ సెయింటూ లేడు, దేవదూతా లేడు. ఆ కాలపు స్పెయిన్‌లో ఉత్త ప్రకృతిదృశ్యం అరుదు. ఆయన చివరి ఏళ్ళ ‘లావోకూన్’ (గ్రీకు పురాణంలోని ట్రాయ్ నగర పూజారి) చిత్రం చూడండి: ట్రాయ్ నాశనపు కథ వెనక టొలేడో, దాని ముందు ఆ నగరాన్ని కూల్చిన కొయ్యగుర్రం. ఊరిని ఆపదతో ముడిపెట్టే అలవాటు ఆయనదే కదా.

గవాక్షం:
‘లావోకూన్’ మీ పక్షాన బలమైన సాక్ష్యమే, ఒప్పుకుంటాను. కానీ అది పదేళ్ళకు పైగా తర్వాతిది. దాని అర్థాన్ని వెనక్కి మోసుకొచ్చి 1600 నాటి మబ్బుల మీద పెట్టలేం. జీవితాన్నే తీసుకోవాలంటే క్రీటు నుంచి తీసుకోండి. 1566 నాటికే ఆయన అక్కడ గురువు హోదా ఉన్న ఐకాన్ (తూర్పు క్రైస్తవుల పూజాపటం) చిత్రకారుడు. ఐకాన్‌లో ఊరంటే కొలతలు కావు, దాన్ని గుర్తుపట్టించే రెండు మూడు కట్టడాలు. కెథెడ్రల్‌ని జరిపిన చెయ్యి ఆ శిక్షణది. మబ్బుల్ని చీల్చే వెలుగు వెనిస్‌లో నేర్చినది. నది దగ్గర చీమలంత మనుషులు తమ పనుల్లో ఉన్నారు, ఒక్కరూ పారిపోవడం లేదు. దిగులే విషయమైతే వాళ్ళని అలా ఎందుకు వదిలాడో మీరు చెప్పాలి.