కన్నీటి గ్రంథిలో లింఫోమా: రెండు సిట్టింగులు చాలా, పన్నెండు కావాలా?

గాజువాక అబ్బాయి:
అందరికీ నమస్కారం. నాన్నకి 67 ఏళ్లు, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు. ఏడాదిగా కుడి కంటి పైరెప్ప చెవి వైపు ఉబ్బి కిందికి వాలింది. నొప్పి లేదు, చూపు బాగానే ఉంది, అందుకే ఎవరం పట్టించుకోలేదు. కన్నీటి గ్రంథి నుంచి ముక్క తీసి చేసిన బయాప్సీలో మాల్ట్ లింఫోమా అని, అంటే నెమ్మదిగా పెరిగే ఒక రకం లింఫ్ క్యాన్సర్ అని వచ్చింది. పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా లేదు. ఒక డాక్టరు గారు 2 సిట్టింగుల్లో 4 గ్రేల (రేడియేషన్ డోసు కొలత) రేడియేషన్ చాలన్నారు. ఇంకొకరు 12 సిట్టింగుల్లో 24 గ్రేలు అన్నారు. మా మావయ్యేమో గడ్డంతా తీయించేస్తే పోతుంది కదా అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఎంవీపీ శారద:
24కే వెళ్లు బాబూ. నెమ్మదిగా పెరిగే లింఫోమాల మీద ఈ రెండు డోసుల్నీ బ్రిటన్‌లో పోల్చి చూశారు, ఫోర్ట్ ట్రయల్ అంటారు. రేడియేషన్ ఇచ్చిన చోట రెండేళ్లకీ జబ్బు ముదరనిది 24 గ్రేలతో 94 శాతం, 4తో 80 శాతం. ఐదేళ్లకి తేడా ఇంకా పెరిగింది. క్యాన్సర్ దగ్గర పొదుపేమిటి?

వాల్తేరు ఆంకో:
శారద గారూ, లెక్క కరెక్టే, సగమే చెప్పారు. ప్రాణాల విషయంలో ఆ రెండు డోసులకీ తేడా కనపడలేదు. పైగా అందులో ఎక్కువమందిది మాల్ట్ కాదు, ఫాలిక్యులర్ అనే ఇంకో నెమ్మది రకం లింఫోమా. కంటి చుట్టూ వచ్చేవాటి మీదే అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు చేసిన ట్రయల్ 2024లో వచ్చింది. 50 మందికి ముందు 4 ఇచ్చి ఆగి చూశారు, తగ్గనివాళ్లకే ఇంకో 20. దాదాపు 90 శాతం మందికి ఆ 4తోనే పూర్తిగా కరిగింది. 24 పడేది కన్నీళ్లు తయారుచేసే గ్రంథి మీదే కదా. కన్ను పొడిబారడం, కేటరాక్ట్ త్వరగా రావడం 24తో ఎక్కువ.

ఎంవీపీ శారద:
50 మందేనా! ఈ మాల్ట్ ఐదారేళ్ల తర్వాత కూడా తిరగబెడుతుందండీ.

వాల్తేరు ఆంకో:
తిరగబెడుతుంది, ఎంత డోసిచ్చినా. ఒక్కోసారి రెండో కంట్లోనో, ఇంకెక్కడో. అందుకే చెకప్‌లు ఏళ్ల తరబడి మానకూడదు. 4 ఇచ్చిన చోట మళ్లీ వస్తే ఇంకోసారి ఇవ్వడం తేలిక.

గోపాలపట్నం మూర్తి:
మావయ్య గారికి చెప్పండి, ఇది చపాతీ పిండిలా కనుగుడ్డు చుట్టూ ఒదిగిపోతుంది, మొత్తం గీకేయడం కుదరదు, అక్కర్లేదు కూడా. బయాప్సీ చేయకుండా తొడుగుతో సహా తీసేది ప్లియోమార్ఫిక్ అడినోమా, అది అదే గ్రంథిలో వచ్చే వేరే గడ్డ, క్యాన్సర్ కాదు. మా అత్తకి ముందు ఒకాయన వాపేనని స్టెరాయిడ్ బిళ్లలిచ్చారు. వారంలో తగ్గింది, మేమంతా సంబరపడ్డాం, మానేయగానే రెట్టింపైంది. లింఫోమా స్టెరాయిడ్‌కి తాత్కాలికంగా కరుగుతుందట, ఆ సమయంలో ముక్క తీసినా జబ్బు దొరకకపోవచ్చట. చివరికి డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ అనే వేగంగా పెరిగే లింఫోమా అని తేలింది, రిటుక్సిమాబ్ అనే మందుతో కలిపి కీమో పెట్టారు. ఆ రకానికి మీ 4, 24 గొడవే లేదు.

గాజువాక అబ్బాయి:
థాంక్సండీ. ఒక్క డౌటు. నాన్నకి ముందునుంచే కళ్లు మండుతాయి, నోరెండిపోయి రాత్రిళ్లు లేచి నీళ్లు తాగుతారు. షుగర్ లేదు.

వాల్తేరు ఆంకో:
ఇది మొదటే చెప్పాల్సింది! షోగ్రెన్ జబ్బుందేమో రక్తపరీక్ష చేయించండి, అందులో ఒంటి రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల్ని దెబ్బతీస్తుంది, దానికీ మాల్ట్‌కీ చుట్టరికం ఉంది. కన్ను ఇప్పటికే పొడిగా ఉంటే నేనైతే 4తోనే మొదలుపెడతాను.

ఎంవీపీ శారద:
అలాగైతే సరే, చెకప్‌కి ఎగ్గొట్టనంటేనే. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు పక్కనేగా, బయాప్సీ స్లైడ్లు పట్టుకెళ్లి అక్కడా ఒక మాట అడుగు బాబూ.

గాజువాక అబ్బాయి:
సోమవారం వెళ్తున్నాం ఆంటీ. మావయ్య కూడా వస్తానన్నాడు, ఆపరేషన్ సంగతి ఆయనే అడుగుతాడట.