కురుకన్ ఫుగా శాసనం 1236 నాటిదా, 1998 నాటిదా?

తెరచాప
పశ్చిమాఫ్రికా మౌఖిక గాథలు చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. 1235లో కిరినా యుద్ధంలో సోసో రాజు సుమావోరో కాంటేను ఓడించిన సుంజాటా కేయితా, ఆ మరుసటి ఏడు ఇప్పటి మాలి దేశంలోని కాంగబా దగ్గర కురుకన్ ఫుగా అనే మైదానంలో వంశాల పెద్దలను సమావేశపరిచి, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి వృత్తి ఏదో, దేన్ని తప్పుగా ఎంచాలో నిర్ణయించాడని, ఆ నిర్ణయాలను జేలీలు తరతరాలుగా నోటి మాటగా మోసుకొచ్చారని అంటారు. (జేలీలంటే ఫ్రెంచివారు గ్రియోలని పిలిచిన వంశపారంపర్య గాయకులు.) మాలి దేశం తరఫున ఈ శాసనాన్ని 2009లో యునెస్కో మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. అయితే మనకు దొరికే 44 నిబంధనల పాఠం 1998లో తయారైందని కొందరు చరిత్రకారుల వాదన. దీనిని పదమూడో శతాబ్దపు రాజ్యాంగమని చెప్పవచ్చా?

రాగిరేకు
చెప్పకూడదు. ఆ పాఠం 1998 నాటిదే. ఆ ఏడు మార్చిలో గినీలోని కాంకన్ పట్టణంలో గ్రియోలు, గ్రామీణ రేడియో పనివారు కలిసి ఒక సమావేశం జరుపుకున్నారు. అక్కడ గ్రియోలు తమకు తెలిసినది చెప్పారు. సిరిమాన్ కూయాతే అనే న్యాయమూర్తి ఆ చెప్పినదాన్ని ఏరి, వరుసపెట్టి, అంకెలు వేసి 44 నిబంధనలు చేశారు. ఆయన స్వయంగా నియాగసోలా గ్రామానికి చెందిన గ్రియో కుటుంబీకుడే గనుక ఆయన శ్రద్ధను నేను శంకించను. కానీ నిబంధన, ఉపనిబంధన అనేవి న్యాయస్థానపు అలవాట్లు. ఏ జేలీ అయినా కోరా వీణ మీటుతూ ‘ఇరవై మూడో నిబంధన ఏమనగా’ అని పాడతాడా? 1352లో మాలి రాజధానికి వెళ్లి నెలల తరబడి ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాజుగారి దర్బారు గురించి, ఆయనిచ్చిన నాసిరకం విందు గురించి కూడా రాశాడు. ఈ శాసనం గురించి ఒక్క మాట రాయలేదు.

తంబుర
రాగిరేకు గారూ, ఇబ్న్ బతూతా ఏమి రాయలేదో చెప్పారు గానీ ఏమి రాశాడో చెప్పలేదు. పండుగనాడు కవులు ఈకలతో చేసిన పక్షి వేషం తొడుక్కుని, ఎర్రటి ముక్కున్న కొయ్య తల పెట్టుకుని సుల్తాను ముందు నిలబడి, ‘నువ్వు కూర్చున్న ఈ గద్దె మీద ఫలానా రాజు కూర్చుని ఫలానా మంచి పని చేశాడు, నీ తరువాత చెప్పుకునే పని నువ్వూ చెయ్యి’ అనే అర్థం వచ్చేలా చదివేవారని ఆయనే రాశాడు. ఆ వేషం ఆయనకు నవ్వు తెప్పించింది. రాజును గద్దె ముందే నిలదీసే హక్కు గాయకుడికి ఉన్న సమాజాన్ని కళ్లారా చూసి కూడా అది చట్టమని ఆయన పోల్చుకోలేకపోయాడు. ఆయన చట్టాన్ని పుస్తకంలో వెతికాడు, అది పక్షి ముక్కులోంచి వినబడింది.

గోధూళి
పక్షి ముక్కు మాట బాగుంది. దానితో 44 అనే అంకె మాత్రం రుజువు కాలేదు.

రాగిరేకు
నేనూ అదే అంటున్నాను. రాజుకు హితవు చెప్పే ఆచారం ఉందంటే ఒప్పుకుంటాను. దానికీ 1236లో జరిగిందంటున్న సభకూ ఉన్న లంకె ఏమిటో చూపించండి. ముప్పై ఏళ్లు శాసనాల నకళ్లు చదివిన అనుభవంతో చెబుతున్నాను, తేదీ లేని గొప్పతనం చాలా ప్రమాదకరమైనది. మా ఊరి గుడికి ఒక స్థలపురాణం ఉంది. ‘అనాదిగా’ అని మొదలవుతుంది. దానిని రాయించినవారు నాకు తెలుసు, రాసినందుకు పుచ్చుకున్నదెంతో కూడా తెలుసు. ఆ ‘అనాదిగా’ అనే మాట మీదనే మా నాన్నగారి రెండెకరాలు మాన్యం లెక్కలో కలిసిపోయాయి.

బమాకో బాటసారి
నేను మాలి రాజధాని బమాకోలో ఆరేళ్లు బోరు పంపుల మరమ్మతు పని చేశాను. ఒకసారి కూడలి దగ్గర పోలీసు మా బండి ఆపి డ్రైవరు కాగితాలు అడిగాడు. డ్రైవరు ఇంటిపేరు ట్రావోరే, పోలీసుది జారా. కార్డు మీద పేరు చూడగానే పోలీసు ముఖం మారిపోయి, ‘ఇక్కడికే బొబ్బర్ల వాసన కొడుతోంది, ఎంత తిన్నావురా’ అన్నాడు. మావాడు తగ్గకుండా ‘నువ్వు నా బానిసవు, ముందు టోపీ తీసి మాట్లాడు’ అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు, జరిమానా లేకుండా బండి కదిలింది. ఆ వంశాల మధ్య అలాంటి పరిహాసపు వరస ఉందని, దానిని సనంకుయా అంటారని, ఆ మాటలకు కోపం తెచ్చుకోవడమే తప్పని తరువాత చెప్పారు. మన బావామరుదులు ఆడుకున్నట్టే ఉంది గానీ, ఇక్కడ ముక్కూ మొహం తెలియని ఇద్దరి మధ్య ఇంటిపేరు ఒక్కటే చుట్టరికం. కాంకన్ పాఠంలో ఏడో నిబంధన ఇదే. వారిద్దరికీ 1236 గురించి తెలుసో లేదో నేను అడగలేదు.

తంబుర
చూశారా? ఒక చట్టం నడిరోడ్డు మీద అమలవుతోంది. ఇంతకన్నా ఏ రాగిరేకు కావాలి?

రాగిరేకు
నా పేరుతో చమత్కారం చేసినందుకు సంతోషం. వాడుక ఈనాడు ఉందన్నది అది ఎప్పుడు పుట్టిందో చెప్పదు. పైగా ఆ పరిహాసంలో దొర్లిన మాట గమనించారా? ‘బానిస’. కొందరు మానవహక్కుల పత్రమని పొగుడుతున్న ఈ పాఠంలోని ఇరవయ్యో నిబంధన బానిసలను హింసించవద్దని, వారానికి ఒకరోజు విశ్రాంతి ఇవ్వమని, యజమాని బానిసకే యజమాని గానీ అతడు మోసే సంచికి కాదని చెబుతుంది. వారానికి ఒక సెలవు! బానిసత్వాన్ని రద్దు చేయలేదు, సెలవు ఇచ్చింది.

తంబుర
ఇది పూర్తిగా తప్పు. దాడులు చేసి మనుషులను బానిసలుగా పట్టుకుపోవడం రద్దు కావాలని ఆ శాసనం చెబుతోంది. యునెస్కో వివరణలోనే ఆ మాట ఉంది. దయచేసి చదివి రాయండి.

రాగిరేకు
నేను చదివే రాశాను. ఇరవయ్యో నిబంధన. మీరే మళ్లీ చూడండి.

తంబుర
అందులో ఉన్నవి ఉపోద్ఘాతం, ఏడు అధ్యాయాలు. ఇరవయ్యో నిబంధన ఎక్కడిది?

నల్లరేగడి
రెండు రోజులుగా చూస్తున్నాను, మీరిద్దరూ రెండు వేర్వేరు పాఠాలు పట్టుకుని పోట్లాడుకుంటున్నారు. కాంకన్‌లో 44 నిబంధనలుగా వచ్చినది ఒకటి. అది గ్రియోల సంప్రదాయం నుంచి వచ్చినది, బానిస ఉన్నాడని ఒప్పుకుని అతడి సంచిని కాపాడుతుంది. ఏడు భాగాలుగా ఉన్నది మరొకటి. అది వేటగాళ్ల సంఘాల ప్రమాణమని చెబుతూ యూసుఫ్ తాతా సిస్సే 1991లో అచ్చువేసినది. ఏ ప్రాణమైనా ప్రాణమే అని మొదలై, మనిషిని పట్టి అమ్మడం మాందేలో, అంటే సుంజాటా దేశంలో, ముగిసిందని చాటేది అదే. యునెస్కో జాబితాలోని వివరణ ఈ రెండోదానికి దగ్గరగా ఉండి, మొదటిదాని పేరు పెట్టుకుంది. ఫ్రాన్సిస్ సిమోనిస్, జాన్-లూ ఆంసెల్ వంటి ఫ్రెంచి పరిశోధకుల అభ్యంతరాల్లో ఈ కలగాపులగం కూడా ఒకటి.

నాకు అసలు ఆసక్తి కలిగించినది ముప్పై ఆరో నిబంధన. ఆకలి తీర్చుకోవడానికి తిన్నది దొంగతనం కాదు, సంచిలోనో జేబులోనో వేసుకుపోతేనే దొంగతనం అంటుందది. మా చెలకలో జొన్న కంకులు కాల్చుకు తినే పిల్లల విషయంలో మా నాయనమ్మ తీర్పు కూడా అదే: ‘కడుపులో పోసుకుంటే పోనీ, ఒడిలో పోసుకుంటే పట్టుకో.’

గోధూళి
అయితే నాయనమ్మ 1236 నాటిది.

రాగిరేకు
నల్లరేగడి గారికి కృతజ్ఞతలు. వాదన దీనితోనే తేలిపోయింది. ఒకే సభ నుంచి బానిస ఉన్న చట్టమూ, బానిస లేని చట్టమూ రెండూ పుట్టలేవు. కనీసం ఒకటి తరువాతి కాలపు కల్పన. జిబ్రీల్ తామ్సీర్ నియాన్ 1960లో అచ్చువేసిన సుంజాటా గాథలో కురుకన్ ఫుగా సభ ఉంది. గెలిచిన రాజు ఎవరి రాజ్యం వారికి తిరిగి ఇవ్వడం, వంశాల మధ్య వరసలు కలపడం ఉన్నాయి. అంకెలు వేసిన నిబంధనలు లేవు. ఆ పుస్తకానికీ కాంకన్‌కూ మధ్య దాదాపు నలభై ఏళ్లు గడిచాయి, ఈ లోపల మానవహక్కులు, స్త్రీల భాగస్వామ్యం, పర్యావరణం అనే మాటలు రేడియోలో మోగాయి. గాయకుడు తనకు సంభావన ఇచ్చేవాడి చెవికి ఇంపుగా పాడతాడు. మన దగ్గర కూడా అంతే కదా, పది రూపాయలు ఎక్కువిస్తే వంశాన్ని సూర్యుడి దాకా తీసుకుపోయే గాయకులను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాము.

తంబుర
రాగిరేకు గారూ, ఆ చివరి వాక్యానికి జవాబు చెప్పకుండా ఉండలేను, మర్యాద తప్పితే క్షమించండి.

మా తాత పల్నాటి వీరవిద్యావంతుడు. కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల కథ పాడేవాడు. ఒకాయన టేపురికార్డరుతో వచ్చి మా ఇంట్లో మూడు రాత్రులు కూర్చుని పాడించుకున్నాడు. మా నాయనమ్మ మూడు రాత్రులూ ఆయనకు జొన్నరొట్టె కాల్చి పెట్టింది. తరువాత ఆ పాట పుస్తకంగా వచ్చింది. మా తాత పేరు ‘ఒక గాయకుడు’. సరే, అది పోనీయండి. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వచ్చిన కొత్తలో తాత కథలో తనే కొన్ని చరణాలు కట్టి కలిపాడు. పుస్తకంలో వాటిని తీసివేశారు. అడుగున ఒక వాక్యం ఉంది: ‘ఆధునిక ప్రక్షిప్తాలు పరిహరించబడినవి.’ మా తాత గొంతులో పాతది ఉంటే అది పల్నాటిది, కొత్తది ఉంటే చెత్త. ఆయనకు ఎంత సంభావన ఇచ్చారో కూడా చెప్పగలను. ఏమీ ఇవ్వలేదు.

కాంకన్‌లో కూర్చున్న గ్రియోలను మీరు అంటున్నదీ అదే. పాతది చెబితే ఋజువు లేదంటారు, కొత్తది కలిపితే అబద్ధమంటారు. అతడు ఎప్పుడు మాట్లాడాలి?

గోధూళి
ఇంతకాలం 1236 అని పట్టుబట్టినది మీరే కదా, తంబుర గారూ. ఇప్పుడు కొత్తది కలిపారంటే తప్పేమిటి అంటున్నారు.

తంబుర
అవును, పట్టుబట్టాను. ఎందుకో కూడా చెబుతాను. ‘ఇవి 1998లో మేము ఆలోచించి చెప్పిన మాటలు’ అని ఆ గ్రియోలు అంటే ఏ జాబితాలో చేరుస్తారు? ఆ గాయకుడికి విలువ ఉన్నది చచ్చిపోయిన రాజుకు నోరుగా ఉన్నంతవరకే. తనకు తానుగా ఆలోచించగలడని ఎవరూ అనుకోరు. అందుకే 1236 అనే గొడుగు పట్టుకోవలసి వస్తుంది.

రాగిరేకు
మీ తాతగారి విషయంలో జరిగింది అన్యాయం. నా చివరి వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను. అయితే ఇప్పుడు మీరు చెప్పినది నా వాదనే, గమనించారా? 1998 అని తేదీ వేయమనే కదా నేను మొదటి నుంచీ అంటున్నాను. తేదీ వేస్తే, పాడినవారి పేర్లు వేస్తే, అది ఆ మనుషుల కృతి అవుతుంది. ‘అనాదిగా’ అంటే ఎవరిదీ కాదు, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. మీ తాతను ‘ఒక గాయకుడు’ చేసినదీ, మా నాన్న రెండెకరాలు పోగొట్టినదీ ఒకే మాట.

తంబుర
కాదు. మీరు తేదీ వేసేది అతడిని మెచ్చుకోవడానికి కాదు, కొట్టివేయడానికి. ‘1998 నాటిదే’ అన్నారు మీరు. ఆ ‘ఏ’కారం చూడండి.

నల్లరేగడి
మీరిద్దరూ గాయకుడి గురించే మాట్లాడుతున్నారు. సంచి మోసినవాడి మాటేమిటి? జేలీలు కేయితాల వంటి రాజవంశాలను అంటిపెట్టుకున్నవారు. కూయాతేలు కేయితాల గాయకులు, సుమావోరోదని చెప్పే సోసో బలా వాద్యం నియాగసోలాలో ఈనాటికీ వారి ఇంట్లోనే ఉంటుంది, దానిని వాయించే అధికారం ఆ కుటుంబ పెద్దకే. వారికి గుర్తున్నది గొప్పింటి జ్ఞాపకం. మాలి పశ్చిమాన కాయ్ ప్రాంతంలో పుట్టుక కారణంగా బానిసలని ముద్రపడి, ఆ ముద్రను ఒప్పుకోనందుకు ఊళ్లు వదలవలసి వచ్చిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వారు ఇరవయ్యో నిబంధనను ఏ తేదీతో చదువుతారు? ‘నువ్వు నా బానిసవు’ అన్నది ట్రావోరే, జారా మధ్య పరిహాసం. ఆ ఇళ్లలో అది పరిహాసం కాదు.

బమాకో బాటసారి
నేను నవ్వుతూ చెప్పిన సంగతి అది. ఆ కోణం నాకు తట్టలేదు. మా గోదాములో మూటలు మోసే ఒక ముసలాయన ఉండేవాడు. డ్రైవరు అందరితోనూ పరిహాసమాడేవాడు గానీ ఆయనతో ఎప్పుడూ ఆడలేదు. కారణం అడగాలని నాకు ఆరేళ్లలో తోచలేదు.

తంబుర
నల్లరేగడి గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా తాత పాటలో కూడా కన్నమదాసుకు వచ్చిన చరణాలు బ్రహ్మనాయుడికి వచ్చినన్ని కావు.

తెరచాప
చర్చ మొదలుపెట్టినది నేనే అయినా ఇంతసేపూ చదువుతూ ఉండిపోయాను. తంబుర గారూ, పుస్తకంలోంచి తీసివేసిన ఆ చరణాలు మీకు గుర్తున్నాయా?

తంబుర
రెండు గుర్తున్నాయి.
‘నాగులేటిలో నాడు నెత్తురే పారె, కుడికాల్వలో నేడు నీరు పారె,
నెత్తురెవ్వరిదని అడిగినామా నాడు, నీరెవరి చేనికని అడగరా నేడు.’

రాగిరేకు
బాగున్నాయి. మొదటిసారి ఏ సంవత్సరంలో పాడారు?

తంబుర
సంవత్సరం తెలియదు. మా ఇంట్లో పండుగ కాని రోజున తొలిసారి వరి అన్నం వండిన ఏడని నాయనమ్మ చెప్పేది.