వైడ్ లెగ్ ప్యాంటు కుట్టించుకోవాలి: గుడ్డ, కొలతలు, పైన వేసుకునేవి చెప్పండి

అనంత_లెక్చరర్ (అనంతపురం)

ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. రోజంతా నిలబడే పని. ఏప్రిల్ వచ్చిందంటే లెగ్గింగ్స్ కాళ్లకు అతుక్కుపోయి మధ్యాహ్నానికి చికాకు పుడుతుంది. అందుకే ఈ ఎండాకాలానికి వైడ్ లెగ్ ప్యాంట్లు రెండు మూడు సమకూర్చుకుందామని ఉంది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, నడుము కింద కాస్త ఒళ్లున్న మనిషిని. సుభాష్ రోడ్డులో రెడీమేడ్‌వి వేసి చూస్తే నడుము సరిపోయినవి నేలను ఊడుస్తున్నాయి, పొడవు సరిపోయినవి సీటు దగ్గర పట్టేస్తున్నాయి. ఇంక కుట్టించుకోవడమే మేలనిపిస్తోంది. ఏ గుడ్డ తీసుకోవాలి? టైలర్‌కు ఏమేం చెప్పాలి? కాలేజీలో మోకాళ్ల దాకా కుర్తా ఉండాలంటారు, దాంతో బాగుంటుందా? నేను స్కూటీ మీద వెళతాను, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

కడప_కుట్టుమిషన్ (కడప, లేడీస్ టైలర్)

అమ్మా, ముందు మీకు కావాల్సింది ఏ రకమో తేల్చుకోండి. మా దగ్గరికి వచ్చేవాళ్లు అన్నిటినీ పలాజో అనే అంటారు, కానీ కటింగ్ వేరు. పలాజో నడుము నుంచే వదులు, చుట్టూ ఎలాస్టిక్. వైడ్ లెగ్ నడుముకు, పిరుదులకు సరిగ్గా పట్టి, అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. మోకాలి దాకా బిగువుగా వచ్చి కింద విచ్చుకుంటే అది బెల్ బాటమ్. మీ ఒంటికి రెండోదే బాగుంటుంది. ఎలాస్టిక్ కుచ్చిళ్లన్నీ పొట్ట దగ్గర చేరితే ఉన్నదానికంటే లావుగా కనిపిస్తారు. ముందువైపు బెల్టు చదునుగా, వెనకవైపు మాత్రం ఎలాస్టిక్, పక్కన జిప్ పెట్టమని అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైన కొలత సీటు లోతు. చాలామంది టైలర్లు నడుము, హిప్, పొడవు తీసుకుని వదిలేస్తారు. గట్టి కుర్చీ మీద నిటారుగా కూర్చోండి, పక్కవైపు నడుము నుంచి కుర్చీ చెక్క దాకా టేపు పెట్టండి. వచ్చినదానికి ముప్పావు ఇంచు నుంచి ఇంచు దాకా కలపాలి. ఇది తక్కువైతే కూర్చున్నప్పుడు వెనక లాగుతుంది, ఎక్కువైతే తొడల మధ్య గుడ్డ వేలాడి కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. పొడవు కొలిచేటప్పుడు రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని రండి. అంచు నేలకు అర ఇంచు పైన ఆగాలి. మీ ఎత్తుకు బాటమ్ చుట్టుకొలత 20 నుంచి 22 ఇంచులు చాలు. 28, 30 పెట్టించుకుంటే మనిషి కనపడదు, గుడ్డే కనపడుతుంది.

ఇంకొక్క మాట. పడుగు దారం (గుడ్డ పొడవు వైపు దారం) కాలి మధ్యలో నిలువుగా రావాలి. గుడ్డ మిగులుతుందని కొందరు ఏటవాలుగా కట్ చేస్తారు, రెండు ఉతుకులకే కాలు మెలితిరిగి పక్క కుట్టు ముందుకు వచ్చేస్తుంది.

ఆదోని_క్లాత్ (ఆదోని)

గుడ్డ సంగతి నేను చెబుతాను, మాది బట్టల వ్యాపారం. వైడ్ లెగ్ అందమంతా గుడ్డ జారే తీరులో ఉంది. షాపులో ఒక మీటరు విప్పించి, పైఅంచు పట్టుకుని వదిలి చూడండి. నేరుగా కిందికి దిగితే తీసుకోండి. గొడుగులా బయటికి నిలబడితే ఆ గుడ్డ కుర్తాకు పనికొస్తుంది, దీనికి కాదు. తర్వాత ఒక మూల గుప్పిట్లో గట్టిగా నలిపి పట్టుకుని వదలండి, క్లాసు అయ్యేసరికి మీ ప్యాంటు ఎలా ఉంటుందో అక్కడే తెలిసిపోతుంది. వెలుతురుకు పెట్టి చూడటం మాత్రం మానొద్దు, లేత రంగులు మోసం చేస్తాయి.

ఎండకు రేయాన్, కాటన్, లినెన్ మూడూ మంచివే. రేయాన్ కూడా చెక్క గుజ్జు నుంచి తీసేదే కాబట్టి చెమట పీల్చుకుంటుంది, జారుడూ బాగుంటుంది. దళసరిది కావాలంటే 14 కేజీ రేయాన్ అని అడగండి, షాపువాళ్లకు అర్థమవుతుంది. తడిసినప్పుడు దాని దారం బలహీనం, ఉతికాక మెలిపెట్టి పిండొద్దు. క్రేప్ పేరుతో అమ్మేది ఎక్కువగా పాలిస్టర్. ముడత పడదు, ఇస్త్రీ పని లేదు, కానీ చెమట పీల్చదు.

చేనేత ఇష్టమైతే మా జిల్లా ఎమ్మిగనూరు ఉంది. మాచాని సోమప్ప గారు 1938లో మొదలుపెట్టిన సహకార సంఘం వల్ల పేరొచ్చిన ఊరది. అలాంటి దళసరి మగ్గం గుడ్డతో కుట్టిస్తే ప్యాంటు హుందాగా నిలబడుతుంది. అయితే దానికి జారుడు తక్కువ, బాటమ్ 20కి మించనీయకండి. ఏ గుడ్డయినా కటింగ్‌కు ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాల్సిందే.

ధర్మవరం_పిల్ల

పాలిస్టర్ గురించి ఇంకోటి. మన దగ్గర గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసు కదా. జనవరి, ఫిబ్రవరిల్లో పాలిస్టర్ పలాజో వేసుకుని నాలుగడుగులు వేస్తే కరెంటు పుట్టి కాళ్లకు చుట్టేసుకుంటుంది. లోపల పలచని కాటన్ లైనింగ్ మోకాళ్ల దాకా వేయిస్తే ఆ బాధ ఉండదు. ఆషాఢం గాలికి జార్జెట్ అయితే అసలు వద్దు అక్కా. రామగిరి వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు!

కర్నూలు_బేగం (కర్నూలు)

గాలికి ఎగరకుండా ఉండే ఉపాయం మా ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. మా అమ్మీ వాళ్ల షరారా, గరారాలు చూడండి. షరారా పై నుంచే విచ్చుకుంటుంది, గరారాకు మోకాలి దగ్గర అతుకు వేసి కింద కుచ్చులు పెడతారు. రెండింటికీ అంచున బరువైన గోటా (జరీ పట్టీ) ఉంటుంది. అందానికే కాదు, ఆ బరువుకే గుడ్డ కిందికి దిగి నిలుస్తుంది. రోజువారీ ప్యాంటుకు గోటా అక్కర్లేదు, కింది మడత అర ఇంచు బదులు రెండు ఇంచులు పెట్టించండి. అదే గుడ్డ రెండు పొరలై బరువు వస్తుంది, రేపు గుడ్డ కుదించుకుపోయినా మడత విప్పుకోవచ్చు. నేను అన్నిటికీ ఇలాగే చేయిస్తాను.

పులివెందుల_స్వాతి

ఎవరూ అనకముందే నేనంటాను, పొట్టివాళ్లకు ఇవి నప్పవు. ఫోటోల్లో వేసుకునేవాళ్లంతా ఆరడుగుల మోడళ్లు.

నంద్యాల_రోడ్_హర్షిత (కర్నూలు)

నాది 4 అడుగుల 11 అంగుళాలు స్వాతి గారూ, ఆఫీసుకు రోజూ ఇవే వేసుకుంటాను. నప్పకపోవడానికి ఎత్తు కారణం కాదు, నడుము ఎక్కడుందో కనపడకపోవడం కారణం. ప్యాంటు బెల్టు బొడ్డు దగ్గర కూర్చోవాలి, పైన వేసుకున్నది హిప్ దగ్గర ఆగిపోవాలి. అప్పుడు కాళ్లు నడుము నుంచి నేల దాకా ఒకే గీతలా కనపడతాయి. షర్టు అయితే లోపలికి దోపేస్తాను. కింద వదులు కాబట్టి పైన ఒంటికి పట్టినట్టుండాలి. రెండూ వదులైతే నైటీ వేసుకున్నట్టే ఉంటుంది. మడమ పైన ఆగిపోయే పొడవు మాత్రం మనకు వద్దు, కాలును అక్కడికక్కడే తెగ్గొడుతుంది.

లెక్చరర్ గారి కాలేజీలో మోకాలి దాకా కుర్తా తప్పదన్నారు కాబట్టి, స్ట్రెయిట్ కట్ తీసుకుని పక్క చీలికలు హిప్ దగ్గరి నుంచే మొదలయ్యేలా కుట్టించండి. నడిచేటప్పుడు ఆ చీలికలోంచి ప్యాంటు నిలువుగా కనిపిస్తే పొడవుగా ఉంటారు. కుర్తా, ప్యాంటు ఒకే రంగు, లేదా ఒకే రంగులో ముదురు, లేత. నేను ఎక్కువగా వేసేది ముదురు నీలం ప్యాంటు, దాని మీద ఆకాశనీలం కుర్తా. కలంకారీ లాంటి పెద్ద అచ్చు ఇష్టమైతే పైన వేసుకోండి, ప్యాంటు సాదాగా ఉంచండి. అనార్కలీ కింద ఇది వేయడం దండగ, గుడ్డ మీద గుడ్డ.

పులివెందుల_స్వాతి

మీరు చెప్పినట్టు బొడ్డు దగ్గర బెల్టు ఉన్నది నేనెప్పుడూ వేసి చూడలేదు. ఒకటి కుట్టించి చూస్తాను హర్షితా.

రాయదుర్గం_మావయ్య

ఆడపిల్లల చర్చే అయినా ఒక మాట చెప్పాలనిపించింది. మేం కుర్రాళ్లుగా ఉన్న 1970ల్లో బెల్ బాటమ్ వేసి తిరిగినవాళ్లం. మడమ కింద పడి అంచు చివికిపోకుండా లోపలివైపు పాత జిప్పు ముక్క చుట్టూ కుట్టించేవాళ్లం. నేలకు రాసుకునేది జిప్పు పళ్లు, గుడ్డకు ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు జిప్పు అక్కర్లేదు, టైలర్ దగ్గర దొరికే గట్టి టేపు కుట్టిస్తే చాలు. మా ఊళ్లో జీన్స్ కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి, పక్కనే బళ్లారి. డెనిమ్‌లో వైడ్ లెగ్ కావాలంటే పలచటి డెనిమ్ అడగమ్మా, దళసరిది మన ఎండకు భారం. మగపిల్లలూ ఇప్పుడు ఇవే అడుగుతున్నారు. వాళ్లకు ముందు రెండు ప్లీట్లు పెడితే కూర్చోవడానికి సుఖం.

గుంతకల్లు_రైడర్

బండి గురించి అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు. స్కూటీ నడిపేవాళ్లకు కాళ్లు ఫుట్‌బోర్డు మీద ఉంటాయి కాబట్టి ఇబ్బంది తక్కువ, కానీ దిగేటప్పుడు అంచు సైడ్ స్టాండుకు తగులుకుంటుంది. స్టాండు వేసేముందు గుడ్డ పక్కకు లాక్కోండి. అసలు ప్రమాదం మోటార్ సైకిల్ వెనక కూర్చునేవాళ్లకు. వెనక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే గార్డ్ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. మనవాళ్లు స్టైల్ కోసం ఆ సారీ గార్డ్ పీకేస్తారు. గార్డ్ లేని బండి వెనక ఈ ప్యాంటు వేసుకుని ఎక్కొద్దు. ఎక్కక తప్పకపోతే రెండు మడమల దగ్గరా జుట్టు రబ్బరు బ్యాండు వేసుకోండి, దిగాక తీసేయొచ్చు.

అనంత_లెక్చరర్

అందరికీ చాలా థ్యాంక్స్. ముదురు నీలం రేయాన్‌తో మొదలుపెడతాను. కడప అన్నా, నాకు ఎన్ని మీటర్లు పడుతుంది? జేబులు పెట్టించుకోవచ్చా? సుద్దముక్కలు, ఫోను పెట్టుకోవడానికి చోటు కావాలి.

కడప_కుట్టుమిషన్

గుడ్డ పన్నా (వెడల్పు) 44 ఇంచులైతే ఒక్కో కాలికి ఒక్కో పొడవు పడుతుందమ్మా, మీకు రెండుంపావు మీటర్లు. నానబెడితే కుదిస్తుంది, కింద రెండు ఇంచుల మడత కూడా అనుకున్నాం కాబట్టి రెండున్నర తీసుకోండి. పక్కన మిగిలే పట్టీలో బెల్టు వచ్చేస్తుంది. జేబులు తప్పకుండా పెట్టించుకోండి, కానీ జేబు సంచి రేయాన్‌తో వద్దు, ఫోను బరువుకు సాగి పక్క కుట్టును లాగేస్తుంది. లైనింగ్ కాటన్‌తో కుట్టించి, సంచి పైఅంచును బెల్టులో కలిపి కుట్టమనండి. అప్పుడు బరువు బెల్టు మీద పడుతుంది. జిప్ ఎడమ పక్కకు పెట్టించి, ఫోను జేబు కుడివైపు పెట్టించుకోండి.